ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, బోర్డు మాత్రం లేదంటోంది

మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకి మా మేనల్లుడు గుంటూరు నుంచి వీడియో కాల్ చేశాడు. ఆ టైంలో వాడి ఫోన్ వచ్చిందంటే ఏదో విప్పేశాడనే లెక్క. "మావయ్యా, కంప్యూటర్ క్యాబినెట్‌కి కొత్త ఫ్యాన్ పెట్టాను, ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద సీపీయూ ఫ్యాన్ ఎర్రర్, ఎఫ్ వన్ నొక్కు అని వస్తోంది, నొక్కితే బయోస్‌లోకి పోతోంది, బయటికొస్తే మళ్ళీ అదే గోల" అని ఒక్క గుక్కలో చెప్పేశాడు. బయోస్ అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెర. సరే కెమెరా లోపలికి తిప్పమన్నా. ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ మీద ఫ్యాన్ తిరుగుతోంది. వెనక వాడు పెట్టిన కొత్త ఫ్యానూ తిరుగుతోంది. అన్నీ కళ్ళ ముందే తిరుగుతుంటే ఫ్యాన్ లేదంటుందేంటి అని వాడి బాధ.

వైర్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో వేలు పెట్టి చూపించమంటే అప్పుడు బయటపడింది. కొత్త ఫ్యాన్ వైరు పొట్టిది. క్యాబినెట్ వెనకవైపు బిగించాక బోర్డు మీద దానికి అందింది ఒక్కటే హెడర్ (వైరు గుచ్చే పిన్నుల చోటు), ప్రాసెసర్ పక్కనున్న సీపీయూ ఫ్యాన్ అని రాసున్నది. అందులో అప్పటికే కూలర్ వైరు ఉంది. వాడేం చేశాడంటే, దాన్ని పీకి కింద క్యాబినెట్ ఫ్యాన్ల కోసం సిస్ ఫ్యాన్ అని రాసున్న దాంట్లో పెట్టి, ఖాళీ అయిన చోట కొత్త ఫ్యాన్ గుచ్చాడు. "రెండూ అవే పిన్నులు కదా మావయ్యా, పట్టింది కూడా!"

పడుతుంది. అదే తంటా.

కొత్త ఫ్యాన్ కనెక్టర్‌ని కెమెరా దగ్గరికి తెమ్మన్నా. ప్లాస్టిక్‌లో మూడు కన్నాలున్నాయి కానీ వైర్లు రెండే, ఎరుపు, నలుపు. మూడో కన్నం ఖాళీ. ఇలాంటి చవక ఫ్యాన్లు మన దగ్గర బోలెడు దొరుకుతాయి, గాలి బాగానే తోస్తాయి, వాటినేం అనను. కానీ ఆ మూడో వైరు ఉత్తి అలంకారం కాదు. నలుపు గ్రౌండు, రెండోది 12 వోల్టులు, మూడోది ఫ్యాన్ నుంచి బోర్డుకి వెళ్ళే కబురు, ఒక చుట్టు తిరిగితే రెండు పల్సులు పంపిస్తుంది. బోర్డు వాటిని లెక్కపెట్టి నిమిషానికి ఎన్ని చుట్లో చూపిస్తుంది. ఆ వైరు లేకపోతే ఫ్యాన్ ఎంత జోరుగా తిరిగినా బోర్డుకి కనిపించేది సున్నానే. మామూలు ఫ్యాన్ హెడర్‌లో సున్నా వస్తే చాలా బోర్డులు పట్టించుకోవు. సీపీయూ ఫ్యాన్ హెడర్‌లో సున్నా వస్తే మాత్రం ప్రాసెసర్ కాలిపోతుందేమోనని ఆగిపోతాయి. బోర్డు తప్పేం లేదు పాపం.

ఎర్రర్ వచ్చింది కాబట్టి సరిపోయింది. అదే మూడు వైర్ల ఫ్యాన్ అయ్యుంటే ఏ గొడవా లేకుండా ఆన్ అయ్యేది, కూలర్ మాత్రం క్యాబినెట్ ఫ్యాన్ లెక్కలో తిరుగుతూ ఉండేది, అంటే ప్రాసెసర్ 85 డిగ్రీలకి పోయినా బోర్డు దగ్గర సెన్సార్ చల్లగా ఉంటే కూలర్ మెల్లిగానే తిరుగుతుంది. గేమ్ మధ్యలో స్పీడ్ ఎందుకు పడిపోతోందో తెలీక వాడు గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకునేవాడు.

నాలుగు పిన్నులదైతే ఇంకో సంగతి ఉంది. మూడు పిన్నుల ఫ్యాన్ నాలుగు పిన్నుల హెడర్‌లో పడుతుంది, ఎందుకంటే హెడర్‌కి పక్కనుండే ప్లాస్టిక్ నాలుక మొదటి మూడు పిన్నులకే ఎదురుగా ఉంటుంది, ఫ్యాన్ కనెక్టర్ మీదున్న రెండు గీతలు ఆ నాలుకకి అటూ ఇటూ కూర్చుంటాయి, నాలుగో పిన్ను బయట ఒంటరిగా మిగిలిపోతుంది. అలా మిగిలిందని కంగారుపడక్కర్లేదు, పెట్టింది కరెక్టే. నాలుగో వైరు ఉంటే బోర్డు ఎప్పుడూ 12 వోల్టులే ఇస్తూ ఆ వైరు మీద సెకనుకి సుమారు 25 వేల సార్లు ఆన్, ఆఫ్ కొడుతూ స్పీడ్ చెబుతుంది. దాన్నే పీడబ్ల్యూఎం అంటారు. మూడు వైర్లదానికి అలా చెప్పే దారి లేదు, వోల్టేజీ తగ్గించి స్పీడ్ తగ్గించాలి. అది బయోస్‌లో డీసీ మోడ్. మూడు పిన్నుల ఫ్యాన్ పెట్టి మోడ్‌ని పీడబ్ల్యూఎంలో వదిలేస్తే దానికి నిండా 12 వోల్టులు పోతాయి, ఇరవై నాలుగు గంటలూ ఫుల్ స్పీడే. "కొత్త ఫ్యాన్ బాగా సౌండ్ చేస్తోంది, వాపసు ఇచ్చేస్తా" అనేవాళ్ళలో కొంతమందికైనా ఫ్యాన్ కాదు, ఈ ఒక్క సెట్టింగ్ మార్చాలి.

మరి మోలెక్స్ కి పెట్టేస్తే పోదా అని వాడి తర్వాతి ప్రశ్న. పీఎస్‌యూ (పీసీకి కరెంటిచ్చే డబ్బా) నుంచి వచ్చే ఆ పెద్ద తెల్ల కనెక్టర్‌లో పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, మధ్యలో రెండు నలుపులు గ్రౌండు. కరెంటుకి కొదవ లేదు, ఫ్యాన్ హాయిగా తిరుగుతుంది, కానీ స్పీడ్ నీ చేతిలో ఉండదు. నేను ఒక వేసవంతా అలా నడిపాను, రాత్రిపూట పక్క గదిలోంచి మా అమ్మ "ఇప్పుడు మిక్సీ ఏంట్రా" అని అడిగేది. పైగా మోలెక్స్ ఆడ కనెక్టర్‌లో లోహపు గొట్టాలు వదులుగా ఉంటాయి, నొక్కి పెట్టేటప్పుడు ఒకటి వెనక్కి జారిపోతే అన్నీ పెట్టినట్టే కనిపిస్తుంది, ఫ్యాన్ మాత్రం తిరగదు, అప్పుడు వెనక నుంచి సన్నటి పుల్లతో తోయాలి, అదీ పీసీ ప్లగ్ పీకాకే. పసుపుకీ ఎరుపుకీ మధ్య పెడితే 7 వోల్టులు వస్తాయి, ఫ్యాన్ నెమ్మదిస్తుంది అని పాత బ్యాచ్‌లో ఒక చిట్కా ఉండేది. కానీ అలా పెడితే ఫ్యాన్ కరెంటంతా వెనక్కి 5 వోల్టుల లైన్లోకి పోతుంది, ఆ లైను కరెంటు ఇవ్వడానికి కట్టింది, తీసుకోవడానికి కాదు. ఇప్పుడు ఆ చిట్కా ఎవరికీ అక్కర్లేదు.

కాబట్టి బోర్డు మీద హెడర్ ఖాళీగా ఉంటే అక్కడే పెట్టు. లెక్క ఒక్కటి చూసుకోవాలి. ఫ్యాన్ మధ్యలో స్టిక్కర్ మీద డీసీ 12 వోల్ట్, 0.18 యాంప్ లాంటిది రాసుంటుంది. మామూలు హెడర్ ఒక యాంప్, అంటే 12 వాట్లు ఇస్తుంది, కొన్ని బోర్డుల్లో నీటి కూలర్ పంపు కోసం ఇచ్చిన హెడర్‌కి 2 లేదా 3 యాంపులు ఉంటాయి, బోర్డు మాన్యువల్‌లో స్పష్టంగా రాస్తారు. 0.18వి మూడు కలిపితే 0.54, చీలిక వైరు వేసి ఒకే హెడర్ మీద నడిపించొచ్చు, మొదలయ్యేటప్పుడు కాస్త ఎక్కువ లాగినా ఖాళీ ఉంది. 0.30వి నాలుగైతే 1.2, అక్కడ ఆగిపో. ఫ్యాన్ పోతే మూడొందలు, హెడర్ పోతే బోర్డు మీద ఆ చోటు పోయినట్టే. చీలిక వైరులో ఒక కొమ్మకి మూడో పిన్ను లేకపోతే అది పాడైంది కాదు, కావాలనే తీసేస్తారు, లేకపోతే రెండు ఫ్యాన్ల పల్సులు కలిసిపోయి బోర్డుకి పిచ్చి అంకెలు కనిపిస్తాయి.

అంతకన్నా ఎక్కువ ఫ్యాన్లు ఉంటే అన్నీ ఒకేచోట గుచ్చే హబ్ కొనుక్కోవాలి. దానికి కరెంటు పీఎస్‌యూ సాటా పవర్ కనెక్టర్ నుంచి, స్పీడ్ కబురు మాత్రం బోర్డు మీద ఒక హెడర్ నుంచి. సాటా కనెక్టర్‌లో 12 వోల్టుల లైను నాలుగున్నర యాంపుల దాకా మోస్తుంది, ఫ్యాన్లకి అది పెళ్ళిభోజనమే. కానీ కేబుళ్ళు విడిగా పీకి పెట్టుకునే మాడ్యులర్ పీఎస్‌యూ అయితే దాంతో వచ్చిన కేబులే వాడు. ఫ్రెండ్ దగ్గర మిగిలింది అదే షేపులో ఉంది కదా అని పెట్టొద్దు, పీఎస్‌యూ వైపు ఏ పిన్నులో ఏ వోల్టేజీ ఉండాలని రూలేం లేదు, కంపెనీ కంపెనీకి మారుతుంది. 5 రావాల్సిన చోట 12 వస్తే ఫ్యాన్‌తో ఆగదు, పక్కనున్న హార్డ్ డిస్క్ కూడా పోతుంది.

లైట్ల ఫ్యాన్ల విషయంలో నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. రెండేళ్ళ కింద సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, కంప్యూటర్ షాపులుండే సీటీసీలో, రంగు లైట్ల ఫ్యాన్లు మూడు కొన్నాను. ఒక్కోదానికి రెండేసి వైర్లు, ఒకటి తిరగడానికి, ఒకటి లైట్లకి. లైట్లది మూడు పిన్నులు, మధ్యలో ఒక ఖాళీ, అది ఏఆర్‌జీబీ, 5 వోల్టులు. నా బోర్డు మీదున్నది పాత ఆర్‌జీబీ హెడర్, నాలుగు పిన్నులు, 12 వోల్టులు. ఖాళీ ఉండాల్సిన చోట పిన్ను ఉంది కాబట్టి ఎక్కలేదు. ఎక్కనప్పుడు ఆగాలి కదా, నేను ఆ రోజు హీరోలా అడాప్టర్ వైరు ఒకటి వెతికి మరీ ఎక్కించాను. ఆన్ చేయగానే మూడూ తెల్లగా ఒక్కసారి వెలిగాయి. అంతే. అవి ఇప్పటికీ నా పీసీలోనే ఉన్నాయి, గాలి బాగా ఇస్తాయి, చీకట్లో.

మళ్ళీ గుంటూరు. కూలర్ వైరు దాని చోటికి, సీపీయూ ఫ్యాన్‌కి తిరిగెళ్ళింది. రెండు వైర్ల ఫ్యాన్‌కి ఎక్స్‌టెన్షన్ వైరు కావాలి, నూరు రూపాయల లోపు, మర్నాడు తెచ్చుకున్నాడు. సిస్ ఫ్యాన్ హెడర్‌కి పెట్టి మోడ్ డీసీ చేయించాను. మూడో వైరు లేకపోయినా వోల్టేజీతో స్పీడ్ తగ్గుతుంది, చుట్ల దగ్గర సున్నా చూపిస్తుంది, అంతే. ఆ హెడర్‌కి హెచ్చరిక ఆపేసే ఆప్షన్ ఉంటే ఆపేయాలి, సీపీయూ ఫ్యాన్‌కి మాత్రం చస్తే ఆపొద్దని రెండుసార్లు చెప్పాను.

స్పీడ్ గ్రాఫ్ దగ్గర చిన్న పేచీ. వాడు ఎవరో చల్లటి దేశంవాడి వీడియో చూసి 40 డిగ్రీలకి 50 శాతం, 55కి ఫుల్ అని పెట్టుకున్నాడు. గుంటూరులో మే నెలలో వాడి గదే 38 ఉంటుంది, బోర్డు సెన్సార్ 50 కిందికి దిగేదెప్పుడు? ఫ్యాన్ ఇరవై నాలుగు గంటలూ అరుస్తూనే ఉంటుంది. 50కి 45 శాతం, 65కి ఫుల్ పెట్టించాను. ఇంకోటి, క్యాబినెట్ ఫ్యాన్‌కి ప్రాసెసర్ వేడి కాకుండా బోర్డు వేడిని చూడమని చెప్పాలి, లేకపోతే బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ బుస్సుమని లేచి మళ్ళీ పడుకుంటుంది.

ఆన్ చేశాడు. ఎర్రర్ లేదు. కూలర్ 1100 చుట్లు, వెనక ఫ్యాన్ సున్నా అంటూనే తిరుగుతోంది. కాకపోతే సన్నగా గరగర ఒకటి వినిపిస్తోంది. ఫ్యాన్ బేరింగ్ పోయిందా అని వాడు నన్నడుగుతుంటే వెనక నుంచి మా అక్క వచ్చి టేబుల్ మీద చెయ్యి పెట్టి, "ఒరేయ్, ఈ స్క్రూ ఎక్కడిది?" అంది.