1640 దగ్గర ఆగిన చెస్ ఆటకి కొత్త లక్ష్యం: 16 వారాల లాగ్

"వచ్చే ఏడాదికి 1800" అని డైరీలో రాసుకోవడం తేలికే. అందులో చిక్కేమిటో లెక్క వేస్తే గానీ తెలియదు. ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ 1640, కే-ఫ్యాక్టర్ (ఫలితాన్ని బట్టి రేటింగ్ ఎంత కదలాలో చెప్పే గుణకం) 20 అనుకుందాం (30 గేములు దాటిన పెద్దవాళ్ళకి 2400 చేరేదాకా అంతే). ఈ పొద్దున్నే ఆటబలం నిజంగా 1800 అయిపోయిందనీ అనుకుందాం. 1640 సగటున్న ప్రత్యర్థులతో 9 రౌండ్లు ఆడితే రావాల్సినవి సుమారు 6.4 పాయింట్లు, రేటింగ్ ఆశించేవి 4.5. తేడాని 20తో గుణిస్తే 39 దాకా పెరుగుతుంది. రేటింగ్ పెరిగేకొద్దీ ఆశించే పాయింట్లూ పెరుగుతాయి కాబట్టి రెండో టోర్నీలో 28, మూడోదానిలో 22, నాలుగోదానిలో 16 మాత్రమే వస్తాయి. నాలుగు టోర్నీలకి సెలవులు పెట్టి 36 గేములు ఆడాక కూడా కాగితం మీద ఉండేది 1745. ఆట 1800ది, అంకె 1745ది.

అందుకే ఈ లాగ్‌లో రేటింగ్‌కి ఒక్క గడే ఉంది, అదీ చివరి పేజీలో. కిందున్న అంకెలు వారానికి 6 గంటలు దొరికే ఉద్యోగస్తుడి కోసం వేసిన నమూనా. మీ అంకెలు మీ స్కోర్‌షీట్ల నుంచే రావాలి.

పాత రేటింగ్‌తో పోల్చుకునేవాళ్ళకి ఒక మాట. 2024 మార్చి 1న ఫిడే 2000 లోపు వాళ్ళందరికీ, 2000కి ఎంత తక్కువుంటే అందులో 40 శాతం ఒక్కసారిగా కలిపింది. 1400 ఉన్నవాళ్ళు తెల్లారేసరికి 1640 అయ్యారు. ఆ 240 మన సాధన ఫలం కాదు.

వారం 0

చివరి 20 క్లాసికల్ (గంటలు పట్టే) గేముల స్కోర్‌షీట్లు బయటికి తీయండి. ఆన్‌లైన్ బ్లిట్జ్ (కొద్ది నిమిషాల ఆట) ఇక్కడ పనికిరాదు, అక్కడి తప్పులు వేరే జాతివి. ప్రతి గేమునీ ఉచిత చెస్ సైటు లిచెస్‌లో ప్రైవేట్ స్టడీగా ఎక్కించి, ఇంజిన్ (ఎత్తుల్ని అంచనా వేసే ప్రోగ్రాం) ఆపేసి, ఆట ఎక్కడ తిరిగిందో ముందు మీరే రాయండి. తర్వాతే ఇంజిన్. అది 1.5 బంటు కన్నా ఎక్కువ పడిపోయిందని చూపిన ప్రతి సొంత ఎత్తునీ ఒక "తప్పిదం"గా లెక్కపెట్టండి. అప్పటికే ఏదో ఒక వైపు ఆధిక్యం 3 బంట్లు దాటిపోయిన స్థితిలో వేసినవి లెక్కలోకి రావు. గెలిచిన గేముల్లోవి మాత్రం వస్తాయి. చాలామంది వీటిని వదిలేస్తారు, అక్కడే లెక్క తప్పుతుంది.

నమూనాలో 20 గేములకి 42 తప్పిదాలు, అంటే గేముకి 2.1. గెలవని 13 గేముల్నీ కారణాన్ని బట్టి గుంపులు వేస్తే 6 "బెదిరింపు చూడలేదు", 4 "గడియారం", 2 "ఎండ్‌గేమ్", 1 "ఓపెనింగ్". ఓపెనింగ్ కోర్సు కొనబోయేవాళ్ళు ఆ చివరి ఒకటిని ఇంకోసారి చూడాలి.

లక్ష్యం ఇలా రాసుకోండి: తర్వాతి 18 టోర్నమెంట్ గేముల్లో తప్పిదాల సగటు 1 లోపు, 30వ ఎత్తు దగ్గర గడియారంలో కనీసం 35 నిమిషాలు. అంతే. మూడో లక్ష్యం చేరిస్తే మొదటిది నాలుగో వారానికే జారిపోతుంది.

వారాలు 1–4

360 నిమిషాల పంపకం: నాలుగు రోజులు అరగంట చొప్పున ట్యాక్టిక్స్, సొంత గేముల విశ్లేషణకి 90, ఎండ్‌గేమ్‌కి 60, ఓపెనింగ్‌కి 30, మిగిలిన గంటలో ఒక 15+10 గేము (15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు అదనం). మూడు నిమిషాల బ్లిట్జ్ ఈ 16 వారాలూ బంద్. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి రాత్రి పదకొండింటికి ఆడే బ్లిట్జ్ నేర్పేది ఒక్కటే: మెదడు కన్నా ముందు చెయ్యి కదలడం.

ట్యాక్టిక్స్‌లో రోజుకి 50 పజిళ్ళు చేసి మురిసిపోవడం కన్నా 6 నుంచి 8 చాలు, కానీ చివరి ఎత్తు దాకా కాగితం మీద రాసి, ప్రత్యర్థి గట్టి జవాబు కూడా రాశాకే మౌస్ ముట్టుకోవాలి. పజిల్‌తో ఉన్న పెద్ద లోపం, "ఇక్కడేదో ఉంది" అని అదే చెప్పేస్తుంది. బోర్డు దగ్గర ఎవరూ చెప్పరు. విరుగుడుగా వారానికి 10 స్థితులు సొంత గేముల నుంచి తీయండి: సగం తప్పిదం జరిగినవి, సగం ఏమీ లేని ప్రశాంతమైనవి, కలిపేసి. ప్రశాంతమైన చోట "ఏమీ లేదు, మామూలు ఎత్తు" అనడం కూడా సరైన జవాబే.

లాగ్‌లో ఒక గేము వరస ఇలా ఉంటుంది:

"రౌండ్ 4, నల్లపావులు, ప్రత్యర్థి 1588, ఓటమి. 23వ ఎత్తుకి ముందు గడియారం 41 ని. ఎఫ్6 గుర్రం డి5కి, 40 సెకన్లలో. చూడనిది: డి3 బిషప్ హెచ్7 బంటుని కొట్టి చెక్. గుంపు: బెదిరింపు."

ఇందులో అసలు సమాచారం 40 సెకన్లు. గడియారంలో 41 నిమిషాలుండగా వేసిన తప్పిదం అది, టైమ్ లేక కాదు. ఎఫ్6 మీదున్న గుర్రం అంతదాకా హెచ్7ని కాస్తోంది, అది లేచిన మరుక్షణం రాజు ముంగిలి తెరుచుకుంది. కాబట్టి ఈ గుంపుకి మందు "జాగ్రత్తగా ఆడు" అన్న సలహా కాదు, ఒకే ప్రశ్న: నేను కదపబోతున్న పావు ఇప్పుడు దేన్ని కాస్తోంది? ప్రత్యర్థి కదిపినప్పుడు కూడా అదే ప్రశ్న తిరగేసి: ఆ పావు దేన్ని కాయడం మానేసింది? ప్రతి 15+10 గేములో ఈ రెండూ అడిగామా లేదా అని గేము అయ్యాక గీతలు పెట్టండి. మొదటి రెండు వారాలూ సగం ఎత్తులకి కూడా గుర్తురాదు, అది మామూలే.

ఇక్కడే ఒక పాత అలవాటు వదిలించుకోవాలి. ఎత్తు ముందు రాసుకుని, ఒకసారి చూసుకుని, తర్వాత ఆడమని ఒకప్పుడు చెప్పేవాళ్ళు. ఇప్పటి ఫిడే నియమాల్లో అది కుదరదు. డ్రా క్లెయిమ్ చేసేటప్పుడు తప్ప ఎత్తు ముందుగా రాయకూడదు, ఆర్బిటర్ చూస్తే హెచ్చరిక తప్పదు. గడియారంలో మిగిలిన సమయం మాత్రం స్కోర్‌షీట్ మీద రాసుకోవచ్చు. ప్రతి 5 ఎత్తులకీ రాయండి, గడియారం లక్ష్యానికి అదే ఆధారం.

వారం 5: గడియారం

90+30లో (90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు అదనం) 60 ఎత్తులకి మొత్తం 120 నిమిషాలు. గడియారంలో మిగలాల్సినవి: 10వ ఎత్తుకి 85, 20కి 60, 30కి 35, 40కి 20. పెరిగే సెకన్లు కలుపుకుంటే 10 నుంచి 30 దాకా ఎత్తుకి 3 నిమిషాలు దొరుకుతాయి. అసలు ఆలోచించాల్సింది అక్కడే. తెలిసిన ఓపెనింగ్‌లో 10వ ఎత్తుకే 70కి దిగినవాళ్ళకి ఓపెనింగ్ రాక కాదు, గుర్తుందో లేదో అని అనుమానం. ప్రతి లైనుకీ (ఎత్తుల వరసకీ) ఎనిమిదో ఎత్తు తర్వాత ఏం చేయాలో ఒక్క వాక్యం రాసి పెట్టుకుంటే అది తగ్గుతుంది.

ఒకే ఎత్తుకి 15 నిమిషాలు దాటితే లాగ్‌లో ఎర్ర చుక్క. అంతసేపు తిరిగేది దాదాపు ఎప్పుడూ అవే రెండు లైన్ల మధ్య.

వారాలు 6–10

ఎండ్‌గేమ్ గంటలో కొత్త పుస్తకం వద్దు, రూక్ ఎండింగులు రెండు చాలు. ఫిలిడోర్ రక్షణ: ప్రత్యర్థి బంటు అతని వైపు నుంచి ఆరో వరస తొక్కేదాకా మన రూక్ ఆ వరసలోనే నిలబడాలి, తొక్కగానే వెనక్కి పరిగెత్తి వెనక నుంచి చెక్కులు. లుసెనా గెలుపు: తెల్ల రాజు జి8, బంటు జి7, రూక్ ఇ1, నల్ల రాజు డి7, రూక్ హెచ్2. తెలుపు ఎత్తు రూక్ ఇ4. నలుపు రూక్ హెచ్1కి వెళ్తే రాజు ఎఫ్7, ఎఫ్1 చెక్, రాజు జి6, జి1 చెక్, రాజు ఎఫ్6, ఎఫ్1 చెక్, రాజు జి5, జి1 చెక్, రూక్ జి4. రూక్ అడ్డుపడి వంతెన కట్టింది, చెక్కులు అయిపోయాయి. అర్థమైందనుకుని ఆగకండి. ఇంజిన్‌ని నలుపు వైపు పెట్టి 10 సెకన్లకో ఎత్తు చొప్పున వరసగా ఐదుసార్లు గెలవాలి, ఎందుకంటే నాలుగో గంటలో పెరిగే 30 సెకన్ల మీద ఆడేటప్పుడే ఇది వస్తుంది. బంటు ఎ గానీ హెచ్ గానీ ఫైలుదైతే ఈ వంతెన పనిచేయదని కూడా రాసుకోండి.

ఈ దశలో చెడేది సాధారణంగా ఒక్కటే. ఒక టోర్నీ పోగానే సిసిలియన్ వదిలేసి కారో-కాన్‌కి దూకడం. 18 గేములూ పూర్తయ్యేదాకా ఓపెనింగ్ మార్చకూడదు, మారిస్తే ముందు అంకెలతో పోల్చడానికేమీ మిగలదు.

వారాలు 11–16

9 రౌండ్ల టోర్నీలు రెండు, మధ్య కనీసం మూడు వారాల ఎడం. ఆ ఎడం విశ్రాంతికి కాదు, మొదటి 9 గేములూ లాగ్‌లోకి ఎక్కించడానికి. రోజుకి రెండు రౌండ్లుంటే మధ్యలో బిర్యానీ జోలికి పోకుండా పెరుగన్నం, అరటిపండుతో సరిపెట్టడం మేలు. రెండో రౌండ్ 25వ ఎత్తు దగ్గర తేడా కనిపిస్తుంది. ఫోను బయటే వదలండి. హాల్లో జేబులో దొరికితే గేము పోయినట్టే.

హాల్ నిండా పిల్లలే. 18 ఏళ్ళలోపు, 2300 లోపు వాళ్ళకి కే-ఫ్యాక్టర్ 40 ఇచ్చినా వాళ్ళ ఆట అంతకన్నా వేగంగా పెరుగుతుంది, అంకె వెనకబడే ఉంటుంది. ఎదుటివాడి రేటింగ్ చూసి ఎత్తు ఎంచుకోవద్దు.

చివరి పేజీ

రేటింగ్ గడి నెల 1న ఫిడే జాబితా వచ్చాకే నింపాలి. తప్పిదాల సగటు 1 లోపుకి దిగి రేటింగ్ కదలకపోతే లక్ష్యం మార్చనక్కర్లేదు, ఇంకో 18 గేములు అదే లాగ్‌లో ఆడాలి. రేటింగ్ పెరిగి తప్పిదాలు 2 దగ్గరే ఉంటే గెలిచిన గేములు మళ్ళీ తెరిచి, ఎదుటివాళ్ళు వదిలేసిన ఎత్తుల్ని లెక్కపెట్టండి. రేటింగూ పెరగక, తప్పిదాలూ తగ్గకపోతే వారం 0లో గుంపులు వేసినప్పుడే ఏదో పొరపాటు జరిగింది: "గడియారం" అని రాసిన గేముల్లో ఆ ఎత్తుకి ముందు ఎన్ని నిమిషాలు మిగిలాయో మళ్ళీ చూడండి.