హాల్లో చుట్టాలు, ట్యాంకులో పీహెచ్

నిన్న రాత్రి మా హాలు నిండా చుట్టాలే. తిరుపతిలో సొంతిల్లు ఉంటే మే నెలలో అది సత్రమే కదా. ఏసీ వేసుకుని, కిటికీలన్నీ బిగించి పడుకుని, తెల్లవారకముందే లేచి అలిపిరి మెట్లదారికి బయలుదేరారు. వాళ్ళు వెళ్ళాక, అదే హాల్లో రెండు క్లౌన్ చేపలున్న నా ఉప్పునీళ్ళ ట్యాంకు పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) చూస్తే 7.8. మామూలుగా పొద్దున 8.0 దగ్గర ఉంటుంది, సాయంత్రానికి 8.2 దాటుతుంది.

మూసిన గదిలో అంతమంది ఊపిరి వదిలితే ఆ కార్బన్ డయాక్సైడు ఎక్కడికి పోతుంది? కొంత నీళ్ళలోనూ కరిగి పీహెచ్‌ని కిందికి లాగుతుంది. రాత్రి లైటు ఉండదు కాబట్టి దాన్ని పీల్చుకునే పనిని పాచి కూడా చేయదు. ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా కాచే గుణం కూడా చూశాను, దాని కొలతలో 8.5 డీకేహెచ్, ఉండాల్సినంతే. అంటే లోటు నీళ్ళలో లేదు, గదిగాలిలో ఉంది. ఇలాంటప్పుడు పీహెచ్ పెంచే పొడి పోసేవాళ్ళుంటారు. పొడి ఖర్చవడం తప్ప ఒరిగేదేమీ లేదు, అలవాటైతే ఆల్కలినిటీ హద్దు దాటి పెరిగిపోతుంది. కిటికీలు తెరిచి ఊరుకున్నాను. పదకొండుకల్లా 8.1కి వచ్చింది.

చేపలకి ఈ గొడవేమీ పట్టలేదు. పెద్దది ట్యాంకులోని మట్టికుండ మూతి దగ్గర కాపలా కాస్తోంది. చిన్నది దగ్గరికి రాగానే తరిమింది. చిన్నది పారిపోకుండా పక్కకి ఒరిగి, తలనుంచి తోకదాకా గజగజ వణికింది. కాఫీ తాగుతూ చూస్తున్న అవ్వ, "ఏమిరా, దానికి చలిజ్వరం వచ్చినట్టుండాదే" అంది.

జ్వరం కాదు, దండం పెట్టడం. క్లౌన్ చేపలన్నీ మగవిగానే ఎదుగుతాయి. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడదవుతుంది, దాని తర్వాతది మగతోడుగా ఉంటుంది. ఆడది పోతే ఆ మగదే ఆడదిగా మారుతుంది. మళ్ళీ మగదిగా మారడం మాత్రం ఉండదు. అందుకే పెద్దది అప్పుడప్పుడూ తన పెద్దరికం గుర్తుచేస్తుంది, చిన్నది వణికి ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నాక ఇద్దరూ ఒకే కుండలో పడుకుంటారు. ఇదంతా చెప్తే అవ్వ కాసేపు ఆలోచించి, "పెళ్ళాం చచ్చిపోతే మొగుడే పెళ్ళామైపోతాడా? బాగుండాది" అని గ్లాసు కడగడానికి వెళ్ళింది.

సముద్రంలో క్లౌన్ చేపలు ఇల్లుగా చేసుకునే మెత్తటి జీవి ఎనిమోన్, మాకు అది లేదు. నా చేపల జంట హేచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించి పెంచే చోట పుట్టింది, పుట్టాక ఎనిమోన్ మొహమే చూడలేదు, కుండనే ఇల్లు చేసుకుంది. కొండకెళ్ళిన చిన్నమామ రాత్రి "పగడాలు పెట్టలేదేం?" అని అడిగాడు. గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు కింద ఉన్నాయి, పులితో సమానం అన్నాను. నమ్మినట్టు లేడు.

మధ్యాహ్నం ఎండ మండిపోయింది. నీళ్ళ వేడి 28.5కి ఎక్కింది. నాకు 26 దగ్గర ఉంటే నిశ్చింత. నీళ్ళ మీదికి తిప్పిన చిన్న ఫ్యాను రెండు డిగ్రీలు తగ్గిస్తుంది, కానీ తగ్గించేది నీళ్ళని ఆవిరి చేసే. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉంటుంది. ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.027 చూపించింది. అందుకని తగ్గిన మట్టానికి ఉప్పునీళ్ళు కాదు, మంచినీళ్ళు పోయాలి, అదీ ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా. ఆ మంచినీళ్ళు మా బోరువి పనికిరావు, గిన్నెలకి తెల్లపొర పట్టించే నీళ్ళవి. వంటింటి ఆర్వో కూడా రుచి కోసం కొన్ని లవణాలు వదిలేస్తుంది. విడిగా, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపి, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత) సున్నా చూసుకుని పోస్తాను. సాయంత్రానికి ఉప్పుదనం 1.025కి దిగింది.

ఆరింటికి చిత్తూరు నుంచి చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. గిరింపేటలో కొత్తగా ట్యాంకు పెట్టాడు, రెండు వారాలైంది. "అన్నా, రాత్రిపూట చేపలు మూలన పైకి చేరి ఒరిగిపోతా ఉండాయి. చచ్చిపోతాయేమో అని టెన్షన్‌గా ఉంది."

రాత్రి ఒరిగితే నిద్ర అనుకోవచ్చు. క్లౌన్‌లు మహా వింతగా పడుకుంటాయి. నేను అడిగింది వేరే. లైటు వేశాక కిందికి దిగుతున్నాయా? తింటున్నాయా? మొప్పలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయి? చేపల వింత చేష్టల్లో చాలామటుకు వాటి ఇంటి రాజకీయం. నీళ్ళు చెడితే మాత్రం ముందు ఊపిరిలోనే తెలుస్తుంది. వాడు కాసేపు చూసి, "పగలు కూడా పైనే ఉండాయన్నా, మొప్పలు దడదడా కొట్టుకుంటా ఉండాయి. పొద్దున మేత ముట్టలేదు" అన్నాడు.

ఇది నిద్ర కాదు. ఒంటిమీద తెల్లటి జిగట ఉందా అని అడిగాను, క్లౌన్‌లకి పట్టే బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి అయితే ఊపిరాడకపోవడంతో పాటు అదీ కనిపిస్తుంది. లేదన్నాడు. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే విషం అమ్మోనియా, దాని టెస్టు చేసి ఫోటో పంపమన్నాను. పసుపు రంగు ఉండాల్సిన చోట ఆకుపచ్చ, అంటే అమ్మోనియా ఉంది.

"మంచినీళ్ళ గుప్పీ చేపల ట్యాంకులో ఇవన్నీ ఎప్పుడూ చూసుకోలేదే" అన్నాడు. నిజమే. పీహెచ్ 7 ఉండే మంచినీళ్ళలో అమ్మోనియా ఎక్కువభాగం హానిలేని అమ్మోనియంగానే ఉంటుంది. 8.2 ఉండే ఉప్పునీళ్ళలో, అందులోనూ ఈ వేడిలో, విషపు భాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. దాన్ని తినే బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, వీడేమో రెండో వారంలోనే చేపల్ని దించి రోజుకి మూడుపూటలా మేపుతున్నాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయని దుకాణంలో ధైర్యం చెప్పారట. అమ్మోనియాకి రంగుంటే కదా!

అమ్మోనియాని బాక్టీరియా మార్చాక వచ్చే నైట్రైట్ కూడా చూపిస్తోందన్నాడు. దాని గురించి కంగారు వద్దన్నాను. ఉప్పునీళ్ళలోని క్లోరైడు చేప ఒంట్లోకి దాన్ని అంతగా పోనివ్వదు. ముందు మేత ఆపి, నీళ్ళ పైమట్టం కదిలేలా పంపు తిప్పి, ఉన్న ఉప్పునీళ్ళతో మూడోవంతు ఈ రాత్రే మార్చమన్నాను, వేడీ ఉప్పూ సరిచూసుకుని. అమ్మోనియాని బంధించే మందు వాడి దగ్గరుంది, అదీ వేయమన్నాను.

రేపు పొద్దున మొదటి బస్సుకి వస్తానన్నాడు. మా ఫిల్టర్‌లోంచి గుప్పెడు పింగాణీ రింగులు తడారకుండా కవర్లో కట్టివ్వాలి, బాక్టీరియా వాటిమీదే ఉంటుంది. బకెట్లో ఉప్పు కలిపి పంపు వేశాను, తెల్లారేసరికి పూర్తిగా కరుగుతుంది. కొండమీంచి చుట్టాలు ఫోన్ చేశారు, దర్శనం అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుందట. ఈ రాత్రి హాలు కిటికీ ఒకటి తెరిచే ఉంచుతాను, దోమలకి కాయిల్ వద్దు, తెర కట్టుకోమంటాను.