మార్పంటే భయమా? ముందు దాన్ని ఒక్క వాక్యంలో రాయండి

హైదరాబాద్ ఎల్బీ నగర్‌లో ఏళ్లుగా స్థిరపడిన ఇంట్లో ఒకరికి రాయదుర్గం వైపు మంచి ఉద్యోగం వచ్చిందనుకోండి. ఇల్లు మారాలా, రోజూ అంత దూరం తిరగాలా, అసలు వద్దనాలా? చాలామంది ఇక్కడ ధైర్యం వచ్చేదాకా ఆగుతారు. ఈలోపు ఆఫర్ గడువు దాటిపోతుంది. భయం ఉండగానే చేయగలిగే చిన్న పనులు కొన్ని ఉన్నాయి.

ఎంత వస్తుందన్న సంతోషం కన్నా అంతే పోతుందన్న బాధ మనకు ఎక్కువగా తగులుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. అందుకే పెరిగే జీతం కన్నా పిల్లల బడి, ఇరుగుపొరుగు, తెలిసిన కిరాణా కొట్టు పెద్దవిగా కనిపిస్తాయి. ఇది పిరికితనం కాదు. కాగితం మీద 'మారితే ఏం పోతుంది' అని రాసినప్పుడు, పక్కనే 'మారకపోతే రెండేళ్లలో ఏం పోతుంది' అనీ రాయండి. ఆ రెండో భాగాన్నే అందరూ ఖాళీగా వదిలేస్తారు.

తర్వాత భయాన్ని పరీక్షకు నిలబడేలా రాయాలి. 'అక్కడ ఇమడలేను' అంటే తేల్చడానికి ఏమీ ఉండదు. 'మొదటి నెల మీటింగుల్లో నోరు పెగలదు, 80 శాతం ఖాయం' అని తేదీ వేసి రాయండి. నెల తిరిగాక జరిగింది కిందే రాయండి. ఏం కనబడితే నా అభిప్రాయం మార్చుకుంటానో ముందే రాసిపెట్టుకోవడం, నా దృష్టిలో, తెరిచిన మనసుకు అసలు గుర్తు.

ప్రయాణం సంగతి మాటలతో తేలదు. జవాబిచ్చే ముందు మూడు నాలుగు పనిదినాలు ఆఫీసు వేళకే మెట్రో ఎక్కండి. అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గంలో దిగి, ఆఫీసు గేటు దాకా వెళ్లండి. ఆదివారం చూసొస్తే లెక్క తప్పుతుంది. ఇల్లు మారాల్సి వస్తే సొంతిల్లు అమ్మకండి, అద్దెకిచ్చి అటువైపు మీరూ అద్దెకు దిగండి. సాధారణంగా 11 నెలల అగ్రిమెంటే కాబట్టి వెనక్కి రావచ్చు. అడ్వాన్సు, సామాను తరలింపు ఖర్చు విడిగా తీసిపెట్టుకోండి.

మనుషులతో మాట్లాడటమే భయమైతే మెట్లు కట్టుకోవాలి. ఒక్కో సందర్భానికి 100కి ఎంత భయమో మార్కులు వేసి, 30, 40 ఉన్నదానితో మొదలుపెట్టండి. అదే పనిని మళ్లీ మళ్లీ చేయండి, భయం సగానికి తగ్గాక పై మెట్టు. బెడిసికొట్టేది ఎక్కువగా ఇక్కడే. మధ్యలో లేచి వచ్చేస్తే, తప్పించుకున్నందుకే బతికామని మనసు నేర్చుకుంటుంది. తోడుకు స్నేహితుణ్ణి తీసుకెళ్లడం, ఫోన్‌లో తల దూర్చడం, పదిమందిని 'ఏం కాదుగా' అని అడగడం కూడా అలాంటివే.

అయితే భయం నిజం చెప్పే సందర్భాలూ ఉంటాయి. చేతిలో ఆరు నెలల ఖర్చుకు డబ్బు లేకుండా, కొత్త ఆఫర్ లెటర్ రాకుండా రాజీనామా ఇవ్వడానికి భయపడితే ఆ భయం మాట వినాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, గుండె దడతో పనే ఆగిపోతున్నా ఈ పద్ధతులు చాలవు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. నేరుగా చూపించుకోవాలంటే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఓపీ ఉంది.