నాలుగు గంటలంటే 14400

మంగళవారం, రాత్రి

ఆఫీసు నుంచి వచ్చిన సర్క్యులర్‌లో రెండే ముక్కలు. హాస్టళ్ళలో వైఫై రాత్రి పదకొండున్నరకి ఆగిపోవాలి. ఒక్కో విద్యార్థికి రోజుకి నాలుగు గంటలు మించి ఇవ్వకూడదు. కింద సంతకం, స్టాంపు. సర్వర్ రూములో గోడకి ఒక మెయిన్ స్విచ్ ఉంటుందనీ, టైమ్ అవగానే దాన్ని నేను దించుతాననీ వీళ్ళ నమ్మకం.

లాగిన్ వివరాలు సరిచూసే మన రేడియస్ సర్వర్ తనంతట తాను ఎవరి కనెక్షనూ తెంపదు. కుర్రాడు లాగిన్ పేజీలో రోల్ నంబరూ పాస్‌వర్డూ కొడితే, హాస్టల్‌లో ఉన్న యాక్సెస్ కంట్రోలర్, అంటే వైఫై గుమ్మం దగ్గర కాపలా ఉండే పరికరం, వాటిని పట్టుకుని 1812 పోర్టు మీద సర్వర్‌ని అడుగుతుంది. సర్వర్ సరే అంటుంది. ఆ సరే తోపాటే సెషన్-టైమౌట్ అని ఒక అంకె పంపుతుంది, సెకన్ల లెక్కలో. నాలుగు గంటలైతే 14400. ఇక సర్వర్ ఆ సంగతి వదిలేస్తుంది. ఆ సెకన్లు లెక్కపెట్టుకుంటూ ఉండి, అయిపోగానే కుర్రాణ్ణి బయటికి పంపేది కంట్రోలరే. అందుకే లాగిన్ అయ్యాక సర్వర్‌లో లిమిట్ ఎంత మార్చినా, అప్పటికే లోపల ఉన్నవాడికి ఏమీ కాదు. వాడు మళ్ళీ లాగిన్ అయితేనే కొత్త అంకె వెళుతుంది.

ఇది మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి పొద్దున చెప్పాను. వాడు వెంటనే, "మరి పదకొండున్నర సంగతి ఎలా అన్నా? ఒకడు ఏడింటికి వస్తాడు, ఒకడు పదిన్నరకి వస్తాడు, అందరికీ ఒకే 14400 ఇస్తే?" అన్నాడు. మంచి ప్రశ్న. మన సర్వర్‌లో నడిచే ఫ్రీరేడియస్ సాఫ్ట్‌వేర్‌లో దానికి లాగిన్-టైమ్ అనే వేరే అంశం ఉంది. ‘ఏఎల్0600-2330’ అని రాస్తే, వారంలో అన్ని రోజులూ పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండున్నర దాకా అనుమతి. ‘ఏఎల్’ బదులు ‘డబ్ల్యూకే’ పెడితే సోమవారం నుంచి శుక్రవారం దాకానే. ఈ రాసే పద్ధతి, కంప్యూటర్లు ఫోన్ లైన్ల మీద ఫైళ్ళు పంపుకున్న యూయూసీపీ రోజుల నాటిది. దీనిలో నాకు నచ్చేది, మిగిలిన సమయం అదే లెక్కకట్టుకుని సెషన్-టైమౌట్‌లో పెట్టేస్తుంది. పది నలభై అయిదుకి వచ్చినవాడికి 2700 సెకన్లు. పదకొండు ఇరవై తొమ్మిది దాటి ఇరవై సెకన్లకి వచ్చినవాడికి మిగిలింది నలభై సెకన్లే కాబట్టి అసలు లోపలికే రానివ్వదు. అరవై సెకన్ల కన్నా తక్కువుంటే తిప్పి పంపెయ్యమని ఆ మాడ్యూల్‌లో ముందే ఉంటుంది. కావాలంటే మార్చుకోవచ్చు, నేను మార్చలేదు.

తలనొప్పి అంతా నాలుగు గంటల దగ్గరే. పోయిన వారం నుంచి ఒక్క బ్లాక్‌లో మటుకు ఈ రోజువారీ లిమిట్ పెట్టి చూస్తున్నాం, పదకొండున్నర నిబంధన లేకుండా. పొద్దున ఇంకా టిఫిన్ టైమ్ కూడా దాటలేదు, సెకండియర్ కుర్రాడొకడు ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. "సార్, ఈరోజు నేను ఇంకా ఓపెన్ కూడా చెయ్యలేదు సార్. లిమిట్ అయిపోయింది అంటోంది" అన్నాడు. మొహం చూస్తే అబద్ధం చెప్పేవాడిలా లేడు.

వాడి లెక్క తీశాను. ముందురోజు రాత్రి పదకొండింటికి లాగిన్ అయ్యాడు. అప్పటికి వాడి ఖాతాలో ఇంకా రెండు గంటలు ఉన్నాయి. రోజువారీ వాడకం లెక్కపెట్టే ఎస్‌క్యూఎల్ కౌంటర్ అనే మాడ్యూల్ ఇక్కడ ఒక తెలివి చూపిస్తుంది. లెక్క మళ్ళీ సున్నా అయ్యేది అర్ధరాత్రి. దానికి గంటే ఉంది. మిగిలిన కోటా అంతకన్నా ఎక్కువే ఉంది. అలాంటప్పుడు వీడు పన్నెండింటికి మళ్ళీ లాగిన్ అయ్యే శ్రమ ఎందుకని, అర్ధరాత్రి దాకా ఉన్న గంటకి రేపటి నాలుగు గంటలు కూడా కలిపి ఇచ్చేస్తుంది. మొత్తం 18000 సెకన్లు. మనవాడు ఏ పన్నెండున్నరకో ఫోన్ పక్కన పడేసి నిద్రపోయాడు. ఫోన్ మాత్రం పడుకోలేదు. తెల్లవారుజామున నాలుగింటి దాకా వైఫై మీదే ఉంది. కొత్త రోజు కోటా అంతా వాడి నిద్రలోనే ఖర్చయిపోయింది.

వాడికి ఇదంతా చెబితే, "అయితే నేను పడుకున్న టైమ్ కూడా వాడినట్టేనా సార్?" అన్నాడు. సర్వర్ దృష్టిలో అంతే మరి. డేటా ఎంత లాగావన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఎంతసేపు కనెక్ట్ అయి ఉన్నావన్నదే లెక్క.

దీనికి ఐడిల్-టైమౌట్ పెట్టొచ్చు కదా అని మా కుర్రాడు అన్నాడు. పది నిమిషాలు ఏ కదలికా లేకపోతే సెషన్ మూసేయమని చెప్పడం. ల్యాప్‌టాప్‌లకి అది బాగా పనిచేస్తుంది, మూత వేస్తే కదలిక ఆగిపోతుంది. ఫోన్‌కి మాత్రం దండగ. వాట్సాప్ ఒకటి చాలు, ఫోన్ ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టు కనపడదు. అయినా పెట్టాను, 600 సెకన్లు. ల్యాప్‌టాప్ వాళ్ళకైనా మేలు.

ఇంత గొడవ ఎందుకొచ్చిందంటే ఈ సరంజామా పుట్టిందే డయల్-అప్ కోసం. 1991 ప్రాంతంలో మెరిట్ నెట్‌వర్క్ అనే సంస్థకి డయల్-అప్ సర్వర్లు కావాల్సి వస్తే లివింగ్‌స్టన్ కంపెనీ తయారుచేసింది రేడియస్‌ని. ఇప్పటికీ మేం చూసుకునే ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 2865, 2000 జూన్‌లో వచ్చింది. అప్పట్లో మోడెమ్‌లు కొన్నే ఉండేవి. ఒకడు పట్టుకుని కూర్చుంటే ఇంకొకడికి లైన్ దొరికేది కాదు. కాబట్టి నిమిషాల లెక్కకి అర్థం ఉండేది. మన దగ్గరా 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ మొదలుపెట్టాక కొన్నాళ్ళు గంటల లెక్కనే అమ్మారు. నేను డిగ్రీ చదివేటప్పుడు నెట్ సెంటర్‌లో రిజిస్టర్‌లో టైమ్ రాసి, వెళ్ళేటప్పుడు ఓనర్ గోడ గడియారం చూసి డబ్బులు తీసుకునేవాడు. ఆ లెక్కనే ఇప్పుడు రోజంతా జేబులో కనెక్ట్ అయి ఉండే ఫోన్‌కి వర్తింపజేస్తున్నాం. నన్నడిగితే గంటల బదులు జీబీల లెక్క పెట్టమనే వాణ్ణి. ఎవరూ అడగలేదు.

ఇంకో చిక్కు. ఒక్కొక్కరికి ఫోనూ ల్యాప్‌టాప్‌ రెండూ ఉంటాయి కాబట్టి ఒకేసారి ఎన్ని పరికరాలన్నది చెప్పే సైమల్టేనియస్-యూజ్ రెండు పెట్టాం. ఆరింటికి ఫోన్‌తో వస్తే 14400 ఇస్తుంది. ఆరూ అయిదుకి ల్యాప్‌టాప్‌తో వస్తే, అప్పటికి ఫోన్ వాడింది ఎంతని సర్వర్ అకౌంటింగ్ టేబుల్‌లో పడిందో అంతే తీసేసి మిగతాదంతా దానికీ ఇస్తుంది. కంట్రోలర్ మధ్యమధ్యలో పంపే వాడకం లెక్కలు, అంటే ఇంటరిమ్ అప్‌డేట్లు, పది నిమిషాలకోసారి వస్తాయి గనక ఆ అయిదు నిమిషాలు కూడా అప్పటికి పడి ఉండవు. రెండూ పదింటి దాకా నడిస్తే ఎనిమిది గంటలు దగ్గరికి వస్తుంది. సర్క్యులర్‌లో నాలుగు అని ఉంది. పోనీ ఇంటరిమ్ గడువు తగ్గిద్దామంటే, అరవై సెకన్ల కన్నా తక్కువ పెట్టకూడదని, 600 కన్నా తక్కువ పెట్టకపోతే మంచిదని దీని అనుబంధ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 2869లోనే ఉంది. ఇంతమంది పిల్లల రికార్డులు నిమిషానికోసారి వస్తే మా పాత డేటాబేస్ సర్వర్ మూలుగుతుంది కూడా. అలాగే వదిలేశాను. పైవాళ్ళు అడిగితే చెబుతాను, అడగరని నాకు తెలుసు.

మధ్యాహ్నం సర్వర్‌లో టైమ్ చూస్తే యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంది. ఎప్పుడో ఎవరో ఇన్‌స్టాల్ చేసినప్పుడు అలాగే వదిలేసినట్టున్నారు. కాసేపు కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించాను. యూటీసీ అర్ధరాత్రి అంటే మనకి పొద్దున అయిదున్నర. అంటే మన పిల్లల కోటా ఇన్నాళ్ళూ అయిదున్నరకి మారుతూ ఉండాలి కదా, మరి ఆ కుర్రాడిది అర్ధరాత్రికి ఎలా మారింది? తీరా చూస్తే ఆ ట్రయల్ బ్లాక్‌ది వేరే టెస్ట్ సర్వర్, అది ఇండియా టైమ్‌లోనే ఉంది. అసలు సర్వర్ మాత్రం యూటీసీ.

నిజం చెప్పాలంటే అయిదున్నరకి మారడమే న్యాయం. హాస్టల్ కుర్రాడికి రోజు అర్ధరాత్రి ముగియదు, వాడు పడుకున్నప్పుడు ముగుస్తుంది. అలాగే ఉంచేద్దామని మనసు లాగింది. కానీ లాగిన్-టైమ్ కూడా అదే గడియారాన్ని చూస్తుంది. పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండున్నర అనడానికి ‘0030-1800’ అని రాయాలి. నాకు అర్థమవుతుంది. రేపు నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాడు దాన్ని చూసి, హాస్టల్‌కి సాయంత్రం ఆరింటికే నెట్ ఆపుతున్నారేమిటని దిద్దేస్తాడు. ఆ రాత్రి పిల్లలు వాడి క్వార్టర్ మీదికి వెళతారు. అందుకని ఇండియా టైమ్‌కే మార్చాను.

మార్చేటప్పుడు ఒకటి చూసుకోవాలి. అకౌంటింగ్ టేబుల్‌లో పడే టైమ్‌లకి ఏ టైమ్‌జోన్ అన్నది రాసి ఉండదు. యూటీసీలో పడిన వరసల్ని రేపట్నుంచి ఇండియా టైమ్‌గా చదివితే అన్నీ అయిదున్నర గంటలు ముందే జరిగినట్టు లెక్కలోకి వస్తాయి. అందుకే పిల్లలు క్లాసుల్లో ఉన్నప్పుడు, రెండున్నరకి, ఉన్న కొద్ది సెషన్లూ మూయించి, డేటాబేస్‌లో పాత టైమ్‌లకి అయిదున్నర గంటలు కలిపి, అప్పుడు ఫ్రీరేడియస్ రీస్టార్ట్ చేశాను. డీబగ్ మోడ్‌లో పెట్టి రాడ్‌టెస్ట్ అనే కమాండ్‌తో ఒక టెస్ట్ ఐడీ కొట్టాం. సెషన్-టైమౌట్ 14400. మా కుర్రాడు స్క్రీన్‌కి ఫోటో తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సర్వర్‌కి యూపీఎస్ ఉంది, హాస్టల్ కంట్రోలర్‌కి లేదు. అది ఆరిపోయి మళ్ళీ లేచింది. అలా లేచినప్పుడు అకౌంటింగ్-ఆన్ అని ఒక మాట పంపితే, దాని కింద ఉన్న పాత సెషన్లన్నీ సర్వర్ మూసేస్తుంది. మా కంట్రోలర్లలో ఒకటి పంపుతుంది, ఇంకోటి పంపదు. పంపనిదాని కింద ఉన్నవాళ్ళందరూ టేబుల్‌లో ఇంకా లోపలే ఉన్నట్టు ఉంటారు. రెండు పరికరాలూ అలా ఇరుక్కున్నవాడు మళ్ళీ లాగిన్ అవ్వలేడు. ముప్ఫై నిమిషాలుగా అప్‌డేట్ రాని సెషన్లని, చివరి అప్‌డేట్ టైమ్‌తోనే మూసేసే చిన్న స్క్రిప్ట్ రాసి పది నిమిషాలకోసారి నడిచేలా పెట్టాను. చివరి అప్‌డేట్ టైమ్‌తో అన్నది ముఖ్యం. స్క్రిప్ట్ నడిచిన టైమ్‌తో మూస్తే కరెంటు లేని సమయం కూడా పిల్లల ఖాతాలో పడుతుంది.

ఫైనలియర్ వాళ్ళకి వేరే గ్రూపు చేశాను. ఒంటిగంట దాకా అనుమతి, రోజువారీ లిమిట్ లేదు. ఇప్పుడు ప్లేస్‌మెంట్ ఆన్‌లైన్ టెస్టులన్నీ సాయంత్రాలే. తొంభై నిమిషాల టెస్టులో డెబ్బయ్యో నిమిషం దగ్గర కోటా అయిపోయి లాగిన్ పేజీ వస్తే ఆ పిల్లాడి పరిస్థితేంటి? దీనికి ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గారి చేత ఒక మెయిల్ పెట్టించుకున్నాను. నోటిమాట మీద చేస్తే తర్వాత నా మెడకి చుట్టుకుంటుంది.

ఇప్పుడే పదకొండున్నర దాటింది. ఇంటి నుంచే లాగ్ చూస్తున్నాను. ఒక కంట్రోలర్ నుంచి సెషన్ ముగిసిందని చెప్పే స్టాప్ రికార్డులు వరసగా వచ్చాయి, కారణం దగ్గర అన్నిటికీ సెషన్-టైమౌట్ అనే ఉంది. రెండోది, అదే మధ్యాహ్నం ఏడిపించినది, చాలామందిని పంపింది గానీ కొందరిని వదిలేసింది.  వాళ్ళని 3799 పోర్టు మీద డిస్‌కనెక్ట్ రిక్వెస్ట్ పంపి తీసేశాను. ఒక్కరు మాత్రం వెంటనే మొబైల్ డేటాకి మారి నాకే మెసేజ్ పెట్టాడు, "సార్ నెట్ పోయింది" అని. జేబులో డేటా ప్యాక్ ఉన్నవాడికి ఈ సర్క్యులర్ ఏం చేస్తుంది? ప్యాక్ వేయించుకోలేనివాడికే పదకొండున్నర.

సాయంత్రం సంగతి ఒకటి రాయలేదు. లేడీస్ హాస్టల్ వార్డెన్ మేడమ్ ఫోన్ చేసి, "మా పిల్లలకి పదింటికే ఆపెయ్యండి, పదకొండున్నర అవసరం లేదు" అన్నారు. సర్క్యులర్‌లో హాస్టళ్ళు అని ఉంది, టైమ్ ఒక్కటే ఉంది మేడమ్ అన్నాను. "మీరు చెయ్యగలరు కదా?" అన్నారు. చెయ్యగలను, ఒక్క లైను పని. రెండు హాస్టళ్ళకీ ఒకే గ్రూపు పెట్టాననీ, వేరే టైమ్ కావాలంటే ప్రిన్సిపాల్ గారి సంతకంతో వేరే కాగితం పంపించమనీ చెప్పాను. పంపిస్తానన్నారు. వచ్చినప్పుడు చూద్దాం.