విడాల్ పాజిటివ్ అన్నారు, చివరికి తేలింది లెప్టో

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఇంట్లో నడుంలోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు దిగాక బురద ఎత్తిపోయడమే పెద్ద పని. నాన్న చెప్పుల్లేకుండానే దిగారు. ఆయన మడమలు ఏడాది పొడుగునా పగిలే ఉంటాయి. వారం దాటాక చలిజ్వరం పట్టుకుంది.

అప్పట్లో మా వీధిలో జ్వరం లేని ఇల్లు లేదు కాబట్టి మేమెవరం కంగారు పడలేదు. ఆర్‌ఎంపీ డాక్టరు ఇంజక్షన్ చేశారు, తగ్గలేదు. ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్తే మలేరియా, డెంగీ నెగటివ్, ప్లేట్‌లెట్లు తక్కువ, టైఫాయిడ్‌కి చేసే విడాల్ రక్తపరీక్ష మాత్రం పాజిటివ్ వచ్చింది. టైఫాయిడ్ అని మాత్రలు రాశారు. వరద నీళ్లలో తిరిగారని చెబితే, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే లెప్టోస్పైరోసిస్ (లెప్టో) జ్వరానికి కార్డు టెస్టు కూడా చేశారు. అది రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష. అదీ నెగటివే. అప్పటికి జ్వరం వచ్చి మూడు రోజులే. ఒక్కసారి చేసిన విడాల్‌ని పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చకూడదని నాకు తర్వాత తెలిసింది. ఇంతమంది ఇన్నేళ్లుగా ఆ ఒక్క కాగితం చూసి మందులు ఎలా వాడుతున్నారో మాత్రం ఇప్పటికీ అర్థం కాదు.

మాత్రలు వాడుతున్నా ఒళ్లునొప్పులు పెరిగాయి. కళ్లు చింతనిప్పుల్లా ఎర్రబడ్డాయి, కానీ పుసి లేదు, నీరు కారడం లేదు. తర్వాత పచ్చబడ్డాయి కూడా. పచ్చకామెర్లు అనగానే చుట్టాలు పసరు మందుకి బయల్దేరదీశారు. దాన్ని ఆపడానికి పట్టిన ఓపిక ఆస్పత్రిలో లైన్లకి కూడా పట్టలేదు. నేను, తమ్ముడు కలిసి నాన్నని పెద్దాస్పత్రిలో చేర్చాం.

అక్కడ డాక్టరుగారు రిపోర్టుల ఫైలు పక్కన పెట్టి ముందు నాన్న పిక్కలు నొక్కారు. నాన్న కెవ్వుమన్నారు. "ఏం పని చేశారు పెద్దాయనా ఈమధ్య?" అని అడిగి, బురద సంగతి విని, మళ్లీ రక్తం తీయించారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, కామెర్లు చెప్పే బిలిరుబిన్ రెండూ ఎక్కువ. మూత్రం బాగానే వస్తున్నా కిడ్నీ దెబ్బతిని ఉండటం, పొటాషియం తగ్గడం ఈ జబ్బులో మామూలేనట. లెప్టోకి ఐజీఎం ఎలీసా అనే యాంటీబాడీల పరీక్షకి పంపించి, రిపోర్టు కోసం ఆగకుండా సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్ ఇంజక్షన్ మొదలుపెట్టారు. ఈసారి పాజిటివ్ వచ్చింది.

మొదట నెగటివ్ ఎందుకొచ్చిందని వార్డులో ఉండే పీజీ డాక్టరమ్మని అడిగాను. ఈ సూక్ష్మజీవి ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రంతో నీళ్లలోకి చేరి, ఒంటి మీద గాట్లలోంచి లోపలికి వెళ్తుంది. మొదటి వారం అది రక్తంలో ఉన్నా మన ఒంట్లో యాంటీబాడీలు ఇంకా చాలినంత తయారుకావు. అప్పుడు దొరికేది ఎక్కువగా దాని జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షలోనే. ఐజీఎం టెస్టుకి జ్వరం వచ్చి అయిదారు రోజులైనా గడవాలి. పూర్తిగా ఖాయం చేసుకోవాలంటే మ్యాట్ అనే పరీక్ష ఉంది. దానికి ల్యాబులో బతికున్న సూక్ష్మజీవుల్ని పెంచుతూ ఉండాలి, రోగి రక్తం కొన్నాళ్ల తేడాతో రెండుసార్లు తీయాలి, రెండోసారికి యాంటీబాడీలు నాలుగింతలు పెరగాలి. అది చేసే ల్యాబులు తక్కువ.

"అయితే ఈ వార్డులో ఎంతమందికి ఉంటుందండీ?" అన్నాను. చుట్టూ మంచాల మీద సగం మందికి పైగా జ్వరం వాళ్లే. ఆవిడ నవ్వి, "ఎవరికి పరీక్ష రాస్తే వాళ్లలోనే కదండీ తేలేది" అన్నారు. సెఫ్ట్రియాక్సోన్ టైఫాయిడ్‌కీ పనిచేస్తుంది, లెప్టోకీ పనిచేస్తుంది. టైఫాయిడ్ అనుకుని అదే ఇస్తారు, లెప్టో తగ్గిపోతుంది, కేస్‌షీట్ మీద టైఫాయిడ్ అనే మిగిలిపోతుంది. దీనికి ఇంకో వైపూ ఉంది. యాంటీబాడీలు నెలల తరబడి ఉండిపోతాయి కాబట్టి, పొలం పనివాళ్లనో పారిశుద్ధ్య కార్మికులనో పరీక్షిస్తే ఎప్పుడో వచ్చి తగ్గిపోయింది కూడా పాజిటివ్‌గా కనిపించవచ్చు. అందుకే ఒక ఆస్పత్రిలో చేసిన సర్వేకీ ఇంకో ఆస్పత్రిలో చేసినదానికీ పొంతన ఉండదని ఆవిడ మాట.

ప్రపంచం మొత్తం మీద ఏటా 10 లక్షలకు పైగా లెప్టో కేసులు, దాదాపు 59 వేల మరణాలు ఉంటాయని 2015లో వచ్చిన ఒక అంచనా. పరీక్షలే సరిగ్గా జరగని చోట్ల లెక్క ఎలా వేశారో అని నాకు అనుమానమే. కేరళలో వానాకాలం జ్వరమంటే డాక్టర్లకి ముందు గుర్తొచ్చే వాటిలో ఇదొకటి. 2018 వరదలప్పుడు అక్కడ నీళ్లలో దిగేవాళ్లకి ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ మాత్రలు పంచారు. మా వీధిలో బ్లీచింగ్ చల్లారు, మంచినీళ్లు ఇచ్చారు. ఈ మాత్ర సంగతి మాత్రం మాకెవరూ చెప్పలేదు.

ఇంజక్షన్లు పడ్డాక నాన్నకి జ్వరం దిగింది, క్రియాటినిన్ మెల్లగా తగ్గింది, డయాలసిస్ దాకా పోలేదు. డిశ్చార్జి కాగితం మీద లెప్టోస్పైరోసిస్ అని రాశారు. తర్వాత ఏఎన్ఎం ఇంటికొచ్చి నాన్న వివరాలు రాసుకుని, పక్కిళ్లలో ఎవరికైనా ఇలా వచ్చిందా అని అడిగింది. ఎదురింటి బాబాయి తనకీ పిక్కలు పీకేశాయనీ, టైఫాయిడ్ అని ఇంజక్షన్లు చేస్తే తగ్గిపోయిందనీ చెప్పారు. ఆమె ఆయన పేరు రాసుకోలేదు.