హాస్కెల్‌లో సార్ట్: ఆ రెండు లైన్ల క్విక్‌సార్ట్ జోలికి పోకండి

హాస్కెల్ ప్రోగ్రామింగ్ భాష పాఠాల్లో తరచూ ఎదురయ్యే రెండు లైన్ల క్విక్‌సార్ట్ (ఒక ఎలిమెంట్‌ను పివట్‌గా ఎంచుకుని, దానికంటే చిన్నవీ పెద్దవీ విడదీసి, ఒక్కో గుంపునూ మళ్లీ అలాగే సార్ట్ చేసే పద్ధతి) చూడముచ్చటగా ఉంటుంది, వాడుకకు మాత్రం పనికిరాదు. మొదటి ఎలిమెంటే పివట్ కాబట్టి, అప్పటికే వరుసలో ఉన్న 10,000 అంకెలు ఇస్తే ఒకవైపు లిస్ట్ ప్రతిసారీ ఖాళీ. చిన్నవాటికో ఫిల్టర్, పెద్దవాటికో ఫిల్టర్. వెరసి దాదాపు 10 కోట్ల పోలికలు. రెండింట్లో ఒకదానికి సమానం గుర్తు పెట్టడం మరిచారా, డూప్లికేట్లు చప్పుడు లేకుండా మాయం.

హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీతో వచ్చే డేటా.లిస్ట్ మాడ్యూల్‌లోని సార్ట్ అసలు క్విక్‌సార్టే కాదు, మెర్జ్ సార్ట్, అంటే వరుసలో ఉన్న చిన్న లిస్ట్‌లను కలుపుతూ పోయే పద్ధతి. అదీ లిస్ట్‌ను సగానికి విరవదు, అందులో ఉన్న వరుసలనే ఏరుకుంటుంది. 3, 7, 9, 8, 4, 1, 5 ఇచ్చారనుకోండి. 3, 7, 9 ఎక్కే వరుస. 8, 4, 1 దిగే వరుస, దాన్ని అక్కడికక్కడే 1, 4, 8గా తిప్పేస్తుంది. 5 ఒంటరిగా మిగులుతుంది. ఆ తర్వాత వాటిని మెర్జ్ చేస్తుంది. పైన చెప్పిన 10,000 అంకెలకు దీనికి 9,999 పోలికలు చాలు. దిగే వరుసలో సమానమైనవాటిని చేర్చుకోదు. చేర్చుకుంటే తిప్పినప్పుడు వాటి క్రమం తారుమారై స్టేబిలిటీ (సమానమైనవి ఇచ్చిన క్రమంలోనే ఉండటం) పోతుంది.

పెద్దవి ముందు రావాలని సార్ట్ చేసి రివర్స్ చేసినా అదే తంటా: ఒకే మార్కులున్న ఇద్దరి వరుస తిరగబడుతుంది. పోల్చే తీరును మనమే చెప్పగలిగే సార్ట్‌బైకి కంపేరింగ్ డౌన్ (పోలికను తిరగేసేది) ఇవ్వండి.

సార్ట్‌ఆన్ ప్రతి ఎలిమెంట్‌కూ కీని (దేన్ని బట్టి పోల్చాలో ఆ విలువను) ఒక్కసారే లెక్కగట్టి జతగా దాచుకుంటుంది. సార్ట్‌బై కంపేరింగ్ అయితే పోల్చిన ప్రతిసారీ రెండువైపులా మళ్లీ లెక్కిస్తుంది. కీ ఖరీదైనదైతే సార్ట్‌ఆన్ మేలు. టపుల్‌లో (కొన్ని విలువల కట్టలో) మొదటి భాగం తీయడం లాంటి చిటికెలో పనికి ఆ జతలు కట్టడమే దండగ.

సార్ట్ చేసి మొదటి పదే తీసుకుంటే, లేజీనెస్ (అవసరమైనప్పుడే లెక్కించే హాస్కెల్ తీరు) పుణ్యమా అని మిగతా మెర్జ్ చాలావరకు జరగనే జరగదు.

తెలుగు పదాలతో ఇంకో చిక్కుంది. స్ట్రింగ్‌ల పోలిక ప్రతి అక్షరానికీ యూనికోడ్ ఇచ్చిన నంబర్ల ప్రకారం నడుస్తుంది. అక్కడ ళ అనేది ల పక్కనే ఉంది, వర్ణమాలలోనేమో హ తర్వాత. అందుకే కల, కళ, కవి అని వస్తుంది. వర్ణమాల ప్రకారం కళ చివర రావాలి. ప్రతి అక్షరానికీ వర్ణమాలలోని స్థానాన్ని ఇచ్చే ఫంక్షన్ రాసి, పదాన్ని ఆ అంకెల లిస్ట్‌గా మార్చి సార్ట్‌ఆన్‌కు కీగా ఇవ్వండి.