తాతయ్య తలుపు

తాతయ్య కట్టించిన ఇంటి టేకు తలుపును హైదరాబాదుకు తెచ్చుకుని నెలయింది. పాత రంగు తీయాలని మొన్న శనివారం రాణిగంజ్ వెళ్లి, చేత్తో పట్టుకుని అరగదీసే నాలుగంగుళాల గ్రైండరు మెషిన్‌కు సరిపడే వెల్క్రో ప్యాడ్, ఉప్పుకాగితం బిళ్లలు కొన్నాను.

తొందరలో బిళ్లను కొంచెం పక్కకు అంటించాను. స్విచ్ వేయగానే చేతులు అదిరాయి, బిళ్ల ఊడి గోడకు తగిలింది. కళ్లద్దాలు పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. గుండె దడ మాత్రం చాలాసేపు తగ్గలేదు.

మా వీధి చివర వడ్రంగి బాబాయిని పిలిచాను. "ముందు ప్లగ్గు తీసెయ్యి నాయనా," అన్నారు. ప్యాడ్ మీది దుమ్మును బొటనవేలితో తుడిచి, బిళ్ల అంచును చుట్టూ సరిచూసి, అరచేత్తో గట్టిగా అదిమారు. ఎంత ఓపిక! బిళ్ల మీద అచ్చువేసిన వేగం మెషిన్ వేగం కంటే తక్కువ ఉండకూడదట. నా గ్రైండరు నిమిషానికి 11,000 సార్లు తిరుగుతుంది. అంత వేగంలో రాపిడి వేడికి వెల్క్రో కొక్కేలు మెత్తబడి పట్టు వదిలేస్తాయి. చెక్క కూడా మాడుతుంది. అందుకే ఆయన గ్రైండరును పక్కన పెట్టించి, వెనక కాడ అమర్చిన ప్యాడును డ్రిల్లుకు బిగించి ఇచ్చారు. దాని వేగం 2,800 మాత్రమే.

80 నంబరు ఉప్పుకాగితంతో రంగు పోయింది. అంతకంటే నున్నని 120తో టేకు చారలు తేలాయి, వాటిని చూస్తూ అలాగే కూర్చుండిపోయాను. రేపు 220 వేయాలి.